మొహమాటం పక్కనపెట్టి లైసెన్స్ అడగండి

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాళ్ళకు లీగల్ ప్లాన్ అనేది రెండు చోట్ల ఎదురవుతుంది. ఒకటి ఆఫీసులో. ఏటా చలికాలం ముందు బెనిఫిట్స్ ఎంచుకునే రోజుల్లో మెడికల్, డెంటల్, విజన్ అన్నీ దాటాక చివర్లో ఒక వరుస కనిపిస్తుంది. జీతంలో నెలకు ఇంత పట్టుకుంటాం, వీలునామా దగ్గర్నుంచి ట్రాఫిక్ టికెట్ దాకా లాయర్‌ని మేమే చూపిస్తాం అంటుంది. రెండోది మనవాళ్ళ ఇంట్లో. సత్యనారాయణ వ్రతం అయ్యి, భోజనాలు అయ్యి, పిల్లలు పైగదిలో ఆటల్లో పడ్డాక మనకు బాగా తెలిసిన అన్నయ్యో వదినో ఫోన్ తీసి, “ఒక్క పది నిమిషాలు వినండి చాలు” అంటారు. వినకపోతే బాగుండదు. విన్నాక చేరకపోతే ఇంకా బాగుండదు. అలా నెలనెలా కార్డు మీద కొంత పోతూ ఉంటుంది. దేనికి పోతోందో ఇంట్లో ఇద్దరిలో ఒక్కరికీ సరిగ్గా తెలియదు.

ఈ ప్లాన్లు పనికిరానివని నేను అనడం లేదు. లాయర్ గంటకు వందల డాలర్లు అడిగే దేశంలో మధ్యతరగతి కుటుంబానికి ఇవి నిజంగా అక్కరకొస్తాయి. అక్కడ పుట్టిన పిల్లలున్న దంపతులు, తమకేదైనా అయితే పిల్లల్ని ఎవరు చూసుకోవాలో రాతపూర్వకంగా పెట్టుకోకుండా ఏళ్ళు గడిపేస్తున్నారు. ఒక మంచి ప్లాన్ ఆ ఒక్క పని చేయించినా కట్టిన డబ్బు గిట్టినట్టే. నా పట్టుదలంతా ఒక్క విషయం మీద. సంతకం పెట్టేముందు, “ఈ ప్లాన్ అమ్మడానికి మా రాష్ట్రంలో మీకు అనుమతి ఉందా, ఎవరిచ్చారు?” అని నోరు తెరిచి అడగడం మనం నేర్చుకోవాలి.

అనుమతి ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే చిట్టీ గుర్తుచేసుకోండి. రిజిస్టరైన చిట్టీ మొదలుపెట్టాలంటే 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం నిర్వాహకుడు ముందు రిజిస్ట్రార్ దగ్గర జామీను డిపాజిట్ పెట్టాలి. వీధిలో నమ్మకం మీద నడిచే చిట్టీకి అదేమీ ఉండదు. రెండిట్లోనూ నెలనెలా కట్టేది ఒక్కటే, పాడుకున్న రోజు చేతికి రావాల్సిందీ ఒక్కటే. తేడా అంతా నిర్వాహకుడు చేతులెత్తేసిన రోజు తెలుస్తుంది. లీగల్ ప్లాన్ కూడా రేపటి గురించి ఇవాళ ఇచ్చే మాట. అవసరం మూడేళ్ళకు రావచ్చు, ముప్ఫై ఏళ్ళకు రావచ్చు. ఆ రోజుకి కంపెనీ ఉండాలి, దాని దగ్గర డబ్బుండాలి, ఒప్పుకున్న లాయర్ ఫోన్ ఎత్తాలి. ఈ మూడూ జరిగేలా ముందే కట్టడి చేయడానికే ప్రభుత్వం లైసెన్స్ పెడుతుంది.

అయితే అమెరికాలో ప్రభుత్వం అంటే ఏ ప్రభుత్వం అన్నది మొదటి చిక్కు. 1945లో వచ్చిన మెకారన్-ఫెర్గూసన్ చట్టం బీమా వ్యాపారాన్ని అదుపు చేసే పనిని రాష్ట్రాలకు వదిలింది. లాయర్ల వృత్తిని అదుపు చేసేదీ రాష్ట్రాలే. లీగల్ ప్లాన్ ఈ రెండిటి మధ్యలో పుట్టింది. సగం బీమాలా ఉంటుంది, సగం లాయర్ సేవలా ఉంటుంది. అందుకే ఒక రాష్ట్రంలో బీమా శాఖ గుమ్మం ఎక్కాలి, ఇంకో రాష్ట్రంలో లాయర్ల బార్ గుమ్మం ఎక్కాలి, మరోచోట ఈ రెండూ కాని మూడో శాఖ.

ఫ్లోరిడా దీన్ని సూటిగా బీమా అంది. అక్కడి చట్టాల్లో 642వ అధ్యాయం మొత్తం న్యాయ ఖర్చుల బీమా గురించే. కంపెనీకి బీమా నియంత్రణ కార్యాలయం నుంచి అధికార పత్రం కావాలి. అంతటితో అయిపోలేదు, ప్లాన్ అమ్మే ప్రతినిధికి కూడా సొంత లైసెన్స్ ఉండాలి, ఆ కంపెనీ తరఫున నియామకం ఉండాలి. ఒక లాయర్ తన క్లయింట్‌తో నేరుగా రాసుకునే ఒప్పందం మాత్రం ఈ చట్టం కిందికి రాదు. న్యూయార్క్ కూడా బీమా చట్టంలోనే, 1116వ సెక్షన్‌లో, దీనికి చోటిచ్చింది. 

టెక్సాస్ దారి వేరు. లాభాపేక్షతో నడిచే కంపెనీల కోసం వృత్తుల చట్టంలో 953వ అధ్యాయం రాసి, ఎలక్ట్రీషియన్లకూ ఏసీ మెకానిక్కులకూ లైసెన్సులిచ్చే శాఖకే ఈ పనీ అప్పగించింది. లాభాపేక్ష లేని సంస్థలు మాత్రం బీమా చట్టం కిందే ఉన్నాయి. కాబట్టి డల్లాస్‌లో ఉన్నవాళ్ళు బీమా శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి, కనిపించలేదని కంగారు పడనక్కర్లేదు. వెతకాల్సిన చోటు వేరే కావచ్చు.

నార్త్ కరోలినా సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కేరీ, మారిస్‌విల్, షార్లెట్ ప్రాంతాల్లో మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టే కాదు, ఆ రాష్ట్రంలో జరిగిన తగాదా చూస్తే లైసెన్స్ అన్న మాటకు ఎంతవరకు విలువో అర్థమవుతుంది కాబట్టి. అక్కడ ప్రీపెయిడ్ లీగల్ ప్లాన్ నడపాలంటే స్టేట్ బార్ దగ్గర, అంటే లాయర్ల నియంత్రణ సంస్థ దగ్గర, రిజిస్టర్ చేసుకోవాలి. ఆన్‌లైన్‌లో పత్రాలు తయారుచేసిచ్చే లీగల్‌జూమ్ కంపెనీ తన ప్లాన్లకు రిజిస్ట్రేషన్ కోరితే బార్ ఇవ్వలేదు. కంపెనీ 2011లో కోర్టుకెక్కింది. 2015లో, పోటీని అణచివేస్తున్నారంటూ ఫెడరల్ కోర్టులో ఇంకో కేసు వేసింది. ఆ ఏడాది అక్టోబర్‌లో రాజీ తీర్పు వచ్చింది. ఆ రాష్ట్ర ప్రజలకిచ్చే పత్రాల నమూనాల్ని అక్కడి లైసెన్స్ ఉన్న లాయర్ చూడాలన్నది అందులో ఒక షరతు. లాయర్ల సంస్థే లాయర్లకు పోటీ వచ్చేవాళ్ళకు అనుమతివ్వాల్సి రావడంలో ఉన్న ఇబ్బంది ఈ కేసులో బయటపడింది. అనుమతి లేదన్నంత మాత్రాన ఆ కంపెనీ మోసగాళ్ళదని తేల్చేయకూడదని దీన్నుంచి నేను గ్రహించాను. కారణం ఏమిటో కూడా కనుక్కోవాలి.

అదే రాష్ట్రపు నియమాల్లో ఇంకో మాట ఉంది, దాన్ని ప్రతి కొనుగోలుదారూ గుర్తుపెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ ఇచ్చామంటే ఆ ప్లాన్ బాగుందని మేం చెప్పినట్టు కాదని బార్ స్పష్టంగా రాసుకుంది. కాబట్టి, “మాకు స్టేట్ బార్ అప్రూవల్ ఉంది” అని ఎవరైనా గర్వంగా చెబితే, అక్కడే ఆగి ఇంకో ప్రశ్న వెయ్యండి.

మరి కొన్ని ప్లాన్లకు చాలాచోట్ల బీమా లైసెన్స్ ఎందుకు అడగరు? ఇచ్చే మాట ఎంత బరువైనదో చూసి నిర్ణయిస్తారు. ఫోన్‌లో సలహా చెబుతాం, మీ తరఫున ఒక ఉత్తరం రాస్తాం, అంతకు మించిన పనికి లాయర్ ఫీజులో కొంత శాతం తగ్గిస్తాం అనే ప్లాన్‌లో కంపెనీ నెత్తిన పెద్ద రిస్కు ఏమీ లేదు. అలాంటిదాన్ని చాలా రాష్ట్రాలు సేవగానే చూస్తాయి. మీ మీద దావా పడితే విచారణ అయ్యేదాకా లాయర్ ఖర్చు మేమే భరిస్తాం అంటే కథ మారుతుంది. పదిమంది కట్టిన డబ్బుతో ఒకరి కష్టం తీర్చడం బీమా పనే. అమ్మే మనిషి “ఇది ఇన్సూరెన్స్ కాదండీ, లైసెన్స్ అక్కర్లేదు” అంటే, ఆ మాట నిజమైతే మీ చేతికి వచ్చేది సలహా, తగ్గింపు మాత్రమే అని అర్థం చేసుకోండి. “కోర్టు ఖర్చులన్నీ మేమే చూసుకుంటాం” అన్న మాట, “లైసెన్స్ అక్కర్లేదు” అన్న మాట ఒకే నోటి నుంచి వస్తే మాత్రం జాగ్రత్తపడాలి.

ఒకప్పుడు ఈ ప్లాన్లనే అసలు సాగనివ్వలేదు. లాయర్ గిరాకీ కోసం జనం వెంట పడకూడదన్నది పాత కట్టుబాటు. మన బార్ కౌన్సిల్ 36వ నియమం ఇప్పటికీ ఆ మాటే చెబుతుంది. అమెరికాలో ఆ గోడను పగలగొట్టింది కార్మిక సంఘాలు. పని చేస్తూ దెబ్బతిన్న రైల్వే కార్మికుల్ని కంపెనీ ఏజెంట్లు తక్కువకు ఒప్పించి సంతకాలు పెట్టించుకుంటుంటే, సంఘమే మంచి లాయర్లను ఎంచి సభ్యులకు చూపించింది. వర్జీనియా బార్ దాన్ని అడ్డుకోబోతే 1964లో సుప్రీంకోర్టు సంఘం పక్షాన నిలిచింది. 1967లో గని కార్మికుల కేసు, 1971లో మిషిగన్ రవాణా కార్మికుల కేసు అదే బాటలో వచ్చాయి. ఆ డెబ్భైల మొదట్లోనే లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో కూలీల సంఘం సభ్యులకు ముందే చందా కట్టే న్యాయ సహాయ పథకాన్ని ప్రయోగాత్మకంగా నడిపారు. 1972లో ఓక్లహోమాలోని ఏడా అనే చిన్న ఊళ్ళో హార్లాండ్ స్టోన్‌సైఫర్ మొదలుపెట్టిన కంపెనీయే తర్వాత ప్రీపెయిడ్ లీగల్ సర్వీసెస్‌గా పెరిగి, 2011లో లీగల్‌షీల్డ్ అయింది. మనుషుల ద్వారా మనుషులకు అమ్మే పద్ధతి ఈ రంగంలో ఇంతగా పాతుకుపోవడానికి ఆ కంపెనీ ఒక కారణం.

ఇప్పుడు అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాలు కూడా ఇలాంటి ప్లాన్లలో లాయర్లు పనిచేయొచ్చంటున్నాయి. షరతులున్నాయి. ఆ సంస్థ ఆ లాయర్‌ సొంతది కాకూడదు, అతను నడిపేదీ కాకూడదు. ఫలానా కేసులో ఇరుక్కున్నాడని తెలిసిన మనిషిని పట్టుకుని ముఖాముఖి సభ్యత్వం అంటగట్టకూడదు. డబ్బు ఎవరు చెల్లించినా లాయర్ నిర్ణయంలో వేలు పెట్టకూడదు. మీ కేసుకు ఇంతకంటే సమయం పెట్టొద్దని కంపెనీ తనకు చెప్పిందని లాయర్ అన్న రోజున, ఈ చివరి షరతు మీకు ఆయుధం.

ఆఫీసు ద్వారా వచ్చే ప్లాన్ సంగతి వేరు. 1974 నాటి ఎరిసా చట్టం ఉద్యోగులకిచ్చే సంక్షేమ పథకాల్లో ప్రీపెయిడ్ లీగల్ సేవల్ని కూడా చేర్చింది. యజమానే సొంత నిధితో నడిపే పథకాన్ని రాష్ట్రం బీమా కంపెనీగా లెక్కగట్టలేదు. దాన్ని బీమా కంపెనీ నుంచి కొని ఇస్తుంటే, ఆ బీమా కంపెనీ మీద రాష్ట్రం చేయి ఉంటుంది. మీ ప్లాన్ ఏ రకమో హెచ్‌ఆర్‌ని అడిగితే చెప్పాలి. వివరాల పుస్తకం రాతపూర్వకంగా అడగండి, ఇవ్వడం వాళ్ళ విధి. ఫిర్యాదు వస్తే ఎక్కడికి పోవాలో దాన్నిబట్టి తేలుతుంది. ఒకదానికి కేంద్ర కార్మిక శాఖలోని ఉద్యోగుల బెనిఫిట్స్ విభాగం, రెండోదానికి రాష్ట్ర బీమా శాఖ కూడా.

ఇక చూసుకోవడం ఎలా? మొదట కాంట్రాక్ట్ నమూనా తెప్పించుకోండి. రంగుల కరపత్రం చాలదు. కాంట్రాక్ట్ చివరి పేజీలోనో మొదటి పేజీ అడుగునో చిన్న అక్షరాల్లో బాధ్యత వహించే కంపెనీ అసలు పేరు ఉంటుంది. మీరు విన్న బ్రాండ్ పేరు ఒకటి, అక్కడ కనిపించే పేరు ఇంకొకటి అయ్యే అవకాశం ఎక్కువ. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో అనుబంధ కంపెనీ పెట్టుకోవడం మామూలే. వెతకాల్సింది ఆ చిన్న అక్షరాల పేరుని. దాన్ని మీ రాష్ట్ర శాఖ వెబ్‌సైట్‌లో లైసెన్స్ వెతికే పెట్టెలో కొట్టండి. దొరక్కపోతే ఫోన్ చేసి, “ఈ రాష్ట్రంలో లీగల్ సర్వీస్ ప్లాన్లు ఎవరి పరిధిలోకి వస్తాయి?” అని అడగండి. ఏ శాఖ అయినా ఈ ప్రశ్నకు జవాబిస్తుంది, అది వాళ్ళ పని. తర్వాత అమ్మే మనిషి పేరు. ఆ తర్వాత మీకు కేటాయించే లాయర్ పేరు కనుక్కుని స్టేట్ బార్ జాబితాలో చూడండి. లైసెన్స్ చెల్లుతోందా, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా అన్నది అక్కడే కనిపిస్తుంది.

అమ్మే మనిషి మన బంధువైతే అడగడం ఎలాగన్నదే అసలు బాధ. నేను సూచించే మాట ఇది. “వదినా, మీ మీద నమ్మకం లేక కాదు. మా ఇంట్లో ఏ కాంట్రాక్ట్ అయినా లైసెన్స్ నంబర్ చూసే సంతకం పెడదామని అనుకున్నాం. మీ నంబరూ కంపెనీ నంబరూ మెసేజ్ పెట్టండి, ఆదివారం చూసుకుని చెబుతాం.” నిజంగా లైసెన్స్ ఉన్నవాళ్ళు దీనికి నొచ్చుకోరు, కష్టపడి తెచ్చుకున్న నంబర్‌ని సంతోషంగా పంపుతారు. నొచ్చుకున్నారంటే మీరు అడగడం మరీ అవసరమన్నమాట. వాళ్ళకీ దీనివల్ల మేలే. లైసెన్స్ లేకుండా అమ్ముతున్నామని తెలియక అమ్ముతున్నవాళ్ళు మనలో ఉన్నారు.

లైసెన్స్ సరిపోయాక కూడా ఒక గంట మిగిలి ఉంటుంది. ఆ గంటలో మినహాయింపుల పేజీ చదవండి. ఆఫీసు ప్లాన్లలో ఎక్కువగా కనిపించేవి చెబుతాను. మీ యజమాని మీద తగాదా, ఉద్యోగానికి సంబంధించిన తగాదా, ప్లాన్ నడిపే కంపెనీ మీద తగాదా రావు. సొంత వ్యాపారం, పేటెంట్లు, అప్పీళ్ళు రావు. చేరకముందే లాయర్‌ని పెట్టుకున్న కేసు రాదు. జరిమానాలూ కోర్టు రుసుములూ మీవే. మనవాళ్ళకు పెద్ద దెబ్బ మొదటిదే. హెచ్‌1బి మీద ఉన్నవాళ్ళను కన్సల్టెన్సీ ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొట్టినప్పుడు ప్లాన్ ఉందిగదా అని ఫోన్ చేస్తే, ఇది మా పరిధి కాదంటారు. ఆ కష్టానికి కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ విభాగంలో డబ్ల్యూహెచ్-4 అనే ఫారం ఉంది. లాయర్ అక్కర్లేదు, రుసుము లేదు, ఉల్లంఘన జరిగిన పన్నెండు నెలల్లోపు ఇవ్వాలి.

రెండో దెబ్బ ఊళ్ళో ఆస్తి. కొంపల్లిలో ప్లాటు అమ్మడానికి తమ్ముడికి జీపీఏ రాయాలి. ప్లాన్ లాయర్ పవర్ ఆఫ్ అటార్నీ రాసిపెడతాడు, నిజమే. కానీ అతను ఆ అమెరికన్ రాష్ట్రపు చట్టం చదువుకున్న మనిషి. ఇక్కడ సబ్ రిజిస్ట్రార్ ఏ మాటలు ఉండాలంటాడో, కాన్సులేట్ ధ్రువీకరణో అపోస్టిలో ఎలా వేయించాలో, ఆ కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలన్న నియమం ఏమిటో అతనికి తెలియాల్సిన పని లేదు. ముసాయిదా ఇక్కడి వకీలు చేత రాయించుకోండి. అక్కడి ప్లాన్‌ని వీలునామాకు, పిల్లల సంరక్షకుడి నియామకానికి, ఇల్లు కొనేటప్పుడు కాగితాలు చూపించడానికి, అపార్ట్‌మెంట్ డిపాజిట్ తిరిగివ్వని ఓనర్‌కి ఉత్తరం రాయించడానికి వాడుకోండి.

కొనడంతో ఆగక అమ్మమని కూడా అడుగుతారు. ఈ భాగం హెచ్‌1బి మీద ఉన్నవాళ్ళు రెండుసార్లు చదవాలని నా విన్నపం. ఆ వీసా మీద ఉన్నవాళ్ళు, తమ కోసం పిటిషన్ వేసిన యజమాని దగ్గర మాత్రమే పనిచేయాలి. సభ్యుల్ని చేర్పించి కమిషన్ తీసుకోవడం పనే. “ఇది పాసివ్ ఇన్‌కమ్” అని వేదిక మీద ఎవరు చెప్పినా, ఆ ఏడాది చివర మీ పేరున వచ్చే 1099 ఫారం ఆ మాట చెప్పదు. రేపు గ్రీన్‌కార్డ్ ఫైల్‌లో, అనుమతి లేకుండా పనిచేశారా అన్న ప్రశ్నకు మీరే సంతకంతో జవాబివ్వాలి. ఈఏడీ, అంటే పని అనుమతి పత్రం, లేని హెచ్4 జీవిత భాగస్వామి పేరు మీద చేయించినా అదే ఇబ్బంది. చదువుకుంటున్న పిల్లలకు ఇంకా ఎక్కువ. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని, ఆ కంపెనీతో సంబంధం లేని లాయర్‌ని, అడగండి.

వర్క్ పర్మిట్ చిక్కులేమీ లేని పౌరులకూ గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళకూ కూడా ఒక హెచ్చరిక. టెక్సాస్‌లో మీకు అనుమతి ఉన్నా, జూమ్ కాల్‌లో టాంపాలోని పెదనాన్న కొడుక్కి అమ్మాలంటే ఫ్లోరిడా నియమం వర్తిస్తుంది. కొనేవాడు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం చూడాలి. ఇంకోటి, ప్లాన్ అమ్మేవాళ్ళు న్యాయ సలహా చెప్పకూడదు. “మీ కేసు గెలుస్తుంది, ఈ నోటీసుకు జవాబివ్వక్కర్లేదు” లాంటి మాట లాయర్ కానివాళ్ళ నోట రావడం చాలా రాష్ట్రాల్లో నేరం.

ఉద్యోగం మారి రాష్ట్రం మారినప్పుడు ఈ పనంతా మళ్ళీ మొదలు. డల్లాస్‌లో తీసుకున్న ప్లాన్‌లోని లాయర్ షార్లెట్ కోర్టులో నిలబడలేడు. కంపెనీకి ఇల్లు మారిన సంగతి రాతపూర్వకంగా తెలియజేసి, కొత్త రాష్ట్రంలో ఏ పేరుతో, ఎవరి అనుమతితో నడుస్తున్నారో, ఏ లా ఫర్మ్‌ని కేటాయిస్తారో జవాబు తెప్పించుకోండి. జవాబు రాకపోతే కాంట్రాక్ట్‌లోని రద్దు నిబంధన తీసి, అందులో చెప్పిన పద్ధతిలోనే రద్దు ఉత్తరం పంపి, కార్డు మీద ఆటోపే ఆపించండి. పంపిన ఉత్తరం కాపీ, పాత కాంట్రాక్ట్ ఒకే కవర్‌లో పెట్టి దాచండి. రెండు నెలల తర్వాత మళ్ళీ డబ్బు కోసినట్టు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తే, పాత రాష్ట్రంలో లైసెన్సిచ్చిన శాఖకు ఫిర్యాదుతో జతచేయాల్సినవి అవే.